“రుద్దక్కర్లేదు” అన్న సీసా కథ

కాంటాక్ట్ లెన్సులు ఇచ్చేటప్పుడు కంటి డాక్టరు చెప్పే జాగ్రత్తలు అమ్మమ్మ చాదస్తంలా వినిపిస్తాయి. కుళాయి నీళ్ళు తగలనివ్వద్దు, నిన్నటి సొల్యూషన్ పారబొయ్యాలి, వేలితో రుద్ది కడగాలి... మన భాషలో చెప్పాలంటే ఇవేవీ మొదటినుంచీ డిజైన్ డాక్యుమెంట్లో ఉన్నవి కావు. చాలావరకు ప్రొడక్షన్లో ఏదో పేలాక వేసిన ప్యాచ్‌లే.

గాజు లెన్సులు 1880లనాటివి, వాటినొదిలేద్దాం. మన కథ మెత్తని లెన్సుతో మొదలు. 1961 క్రిస్మస్ రోజుల్లో ఓటో విఖ్టర్లె అనే చెక్ కెమిస్టు, పిల్లల మెకానో లాంటి ఆటసామానుతో ఇంట్లోనే యంత్రం కట్టి ఆ లెన్సులు తీశాడు. (వీకెండ్ ప్రాజెక్టంటే అదీ!) 1971లో బాష్ అండ్ లాంబ్ కంపెనీ అమెరికాలో అనుమతి తెచ్చుకుని అమ్మడం మొదలెట్టింది.

ఆ తొలి లెన్సులో దాదాపు 38 శాతం నీరే. కంటికి హాయి, కానీ రోజూ ఉప్పునీళ్ళలో ఉంచాలి. సీసాలో కొనే బదులు చాలామంది డిస్టిల్డ్ వాటర్లో ఉప్పుబిళ్ళలు కరిగించుకునేవారు. డిస్టిల్డ్ అంటే క్రిములు లేనివనుకుంటాం గానీ, అవి ఖనిజాలు లేని నీళ్ళు, అంతే. 1980ల మధ్యలో అమెరికాలో లెన్సులవాళ్ళ కళ్ళని అకాంతమీబా అనే ఏకకణజీవి పట్టుకున్నప్పుడు, ఆరా తీస్తే ఈ ఇంటి సెలైనే ముఖ్యంగా బయటపడింది. అది కుళాయి నీళ్ళలోనూ ఉంటుంది. గట్టి పెంకు కట్టుకుని కూర్చుంటే క్లోరిన్‌కీ లొంగదు. వస్తే నెలల తరబడి మందు వెయ్యాలి. (మన దగ్గర లెన్సులు లేనివాళ్ళకీ వస్తుంది. హైదరాబాద్ ఎల్.వి. ప్రసాద్ కంటి ఆసుపత్రి డాక్టర్లు 2000లో అలాంటి కేసుల గురించి రాశారు.)

తర్వాత అన్ని పనులూ ఒకే సీసాతో అయ్యే మల్టీపర్పస్ సొల్యూషన్లొచ్చాయి. పోటీ ముదిరి, “రుద్దక్కర్లేదు” అని సీసాల మీదే వేశారు. బద్ధకస్తులకి అంతకంటే ఏం కావాలి?

2005-06లో సింగపూర్, హాంకాంగ్, అమెరికాల్లో లెన్సులవాళ్ళ కార్నియాల్లో ఫ్యుజేరియం కనబడింది. అది మట్టిలో, మొక్కల మీద ఉండే బూజు. అమెరికాలో 164 కేసులు నిర్ధారణ అయితే, సుమారు మూడోవంతు మందికి కార్నియా మార్పిడి దాకా వెళ్ళింది. దర్యాప్తులో రెన్యూ విత్ మాయిశ్చర్‌లాక్ అనే సొల్యూషన్ దొరికింది. 2006 మేలో బాష్ అండ్ లాంబ్ దాన్ని ప్రపంచమంతటా వెనక్కి తీసుకుంది. చిత్రమేంటంటే, సీలు తియ్యని సీసాల్లో బూజు లేదు! డబ్బాలో పాత నీళ్ళ మీదే కొత్తవి పొయ్యడం ప్రమాదాన్ని పెంచిందని తేలింది.

అలాగని “యూజర్ ఎర్రర్” అని టికెట్ మూసేస్తే అన్యాయం. వేరే సీసాలు వాడినవాళ్ళలోనూ అంతే బద్ధకస్తులుంటారు కదా, వాళ్ళకి ఇంతగా రాలేదేం? జనం ఎలా వాడతారో తెలిసీ ఆ వాడకాన్ని తట్టుకోని సరుకు అమ్మితే, టెస్టింగ్ సరిగ్గా జరగలేదనే అంటాన్నేను. పైగా 2007 మేలో కంప్లీట్ మాయిశ్చర్‌ప్లస్ అనే ఇంకో కంపెనీ సొల్యూషన్ కూడా వెనక్కెళ్ళింది. ఈసారి కారణం మళ్ళీ ఆ అకాంతమీబానే.

ఆ తర్వాత అమెరికా ఎఫ్‌డీఏ, “రుద్దక్కర్లేదు” అని రాసున్న సీసా అయినా సరే రుద్ది కడగండని చెప్పింది. డబ్బాని కనీసం మూడు నెలలకోసారి మార్చమని సీడీసీ అంటుంది. మీ బాత్రూం అరలో ఉన్నది ఎప్పటిది?