ఇంటి కప్పు - దాని పరిణామం

క్రీ. పూ. 4వ శతాబ్ది చివర మౌర్యుల రాజధానికి రాయబారిగా వచ్చిన మెగస్తనీసు చెప్పిన సంగతులను తరువాతి గ్రీకు చరిత్రకారుడు అరియన్ తన గ్రంథంలో పొందుపరచినాడు. నదుల ఒడ్డున, సముద్రతీరాన ఉన్న పట్టణాలను ఈ దేశస్థులు కొయ్యతో కట్టుకొంటారనీ, వానలకు వరదలకు ఇటుక నిలువదనీ, మెట్ట ప్రదేశాలలో మాత్రం ఇటుకతోను మట్టితోను కడతారనీ అందులో ఉన్నది. పాట్నా వద్ద బులందీబాగు త్రవ్వకాలలో బయటపడిన కొయ్యప్రాకారం ఈ మాటకు సాక్ష్యం. అంతకు రెండువేల ఏండ్లకు పూర్వమే హరప్పా, మొహెంజొదారో పట్టణాలలో మందానికి రెట్టింపు వెడల్పు, వెడల్పుకు రెట్టింపు పొడవు తప్పని కాల్చిన ఇటుకలతో ఇండ్లు కట్టిన దేశమిది. కనుక గృహనిర్మాణం మట్టి నుండి కొయ్యకు, కొయ్య నుండి ఇటుకకు మెట్లెక్కినట్లు సాగలేదు. కొన్ని విద్యలు మధ్యలో మరుగునపడి మళ్లీ పుట్టినవి.

ఆనాటి కొయ్య ఇండ్లలో ఒక్కటీ మిగలలేదు. మిగిలినది వాటి ఆకారం. నేటి ఏలూరు జిల్లాలోని గుంటుపల్లిలో కొండను తొలిచి చేసిన వర్తులాకార చైత్యగృహం లోకప్పులో దూలాలు, వాసాలు రాతిలోనే చెక్కి ఉన్నవి. రాతి కప్పుకు వాసాలతో పనిలేదు. అయినా శిల్పి తాను ఎరిగిన ఇంటిని వదలలేకపోయినాడు.

తెలుగువారు ఇంటికి పేరు పెట్టేటప్పుడు గోడను చూడరు, కప్పును చూస్తారు. పూరిల్లు, పెంకుటిల్లు, మిద్దె, డాబా అన్నీ కప్పును చెప్పే మాటలే. గోడ మట్టిదైనా పైన పెంకు ఉంటే అది పెంకుటిల్లే. ఈ వాడుకలో అర్థమున్నది. సామాన్యుని ఇంటికి ఏటేటా ఖర్చు తెచ్చేది కప్పే. కోస్తాలో తాటాకు, రెల్లు, వరిగడ్డి కప్పును కొద్ది ఏండ్లకొకసారి తొలకరికి ముందే మళ్లీ నేయించుకోవలసి వచ్చేది. వాన తక్కువైన రాయలసీమలో దూలాలపై కట్టెలు పరచి, పైన చౌడుమన్ను మెత్తి మిద్దెలు కట్టినారు. చౌడు తడిసి బిగుసుకొంటే నీటిని లోనికి రానివ్వదు. పంటకు పనికిరాని మన్ను ఇంటికి గొడుగైనది.

పట్టణాలలో ఉన్నవారి మేడలకు వేరొక పద్ధతి ఉండేది. టేకు దూలాలపై పలుచని ఇటుకలను ఏటవాలు వరుసలలో నిలువుగా పేర్చి, వాటిపై ఇటుకముక్కలు, సున్నం కలిపి పోసి, కూలివారు వరుసగా కూర్చుండి రోజుల తరబడి కొయ్యపలకలతో కొట్టి గట్టిపరచేవారు. ఇంజనీర్లు దీనినే మద్రాసు టెర్రసు అన్నారు. ఎద్దును కట్టి గానుగలో నూరిన సున్నం, అందులో కరక్కాయ నీరు, బెల్లపు నీరు - ఈ పాళ్లు మేస్త్రీల నోట ఉండేవి, పుస్తకాలలో తక్కువ.

ఈ స్థితిని మొదట కదిలించినది సిమెంటు కాదు, పెంకు. 1865లో బాసెల్ మిషన్‌కు చెందిన జార్జ్ ప్లెబ్స్ట్ మంగుళూరు జెప్పులో, నేత్రావతి తీరపు బంకమన్నుతో, యంత్రంపై అచ్చుపోసిన పెంకుల కార్ఖానా స్థాపించినాడు. ఒకదానిలో ఒకటి ఇమిడే ఆ పెంకు నాటు గూనపెంకు వలె కోతులు తిరిగినా పిల్లులు పరుగెత్తినా జారిపోయేది కాదు. కప్పు బరువు తగ్గినది, క్రింద కావలసిన కలప తగ్గినది. రైళ్లలోను ఓడలలోను ఆ పెంకు దూరప్రాంతాలకు పోయినది. మంగుళూరు పెంకును తెలుగు పల్లెలలో చాలాచోట్ల ‘బెంగుళూరు పెంకు’ అన్నారు. ఊరు మారినా సరుకు అదే.

సిమెంటు కథ నెమ్మదిగా నడచినది. 1914లో పోరుబందరు కర్మాగారం ఉత్పత్తి ఆరంభించినది. 1936లో పలు కంపెనీలు కలిసి ఏ.సి.సి. ఏర్పడినది. స్వాతంత్ర్యానంతరం ఆనకట్టలకు, కర్మాగారాలకు పోగా ఇండ్లకు మిగిలిన సిమెంటు స్వల్పం. ధర, పంపిణీ ప్రభుత్వం చేతిలో ఉండేవి. ఇల్లు కట్టుకొనేవాడు ఇటుక కన్న ముందు పర్మిట్టు సంపాదించుకోవలసి వచ్చేది. 1982లో నియంత్రణ కొంత, 1989లో పూర్తిగా తొలగినది. పల్లెలో శ్లాబు ఇల్లు సామాన్య దృశ్యమైనది ఆ తరువాతనే.

జనగణన లెక్కలలో ఈ మార్పు స్పష్టంగా కనిపిస్తున్నది. 2001లో నూటికి దాదాపు 22 కుటుంబాలు గడ్డి, ఆకు వంటి కప్పు క్రింద ఉండగా 2011 నాటికి అవి 15 అయినవి. పెంకు క్రింద ఉన్నవి 33 నుండి 24కు దిగినవి. కాంక్రీటు క్రిందివి 20 నుండి 29కి పెరిగినవి. పెంకుటిల్లు ఒకప్పుడు పూరింటివాని ఆశ. పదేండ్లలో అది పూరిల్లంత వేగంగా తగ్గిపోవడం విశేషం. పూరింటివాడు పెంకు దగ్గర ఆగక నేరుగా శ్లాబుకో, రేకుకో పోతున్నాడన్నమాట.

ఏ కప్పు మేలు అన్న ప్రశ్నకు ప్రకృతి ఇచ్చిన తీర్పులు ఒక్క తీరుగా లేవు. 1977 నవంబరు 19న దివిసీమపై విరుచుకుపడిన ఉప్పెనలో సుమారు 10 వేల మంది చనిపోయినారు. పూరిండ్లు ఆనవాలు లేకుండా కొట్టుకుపోయినవి. పక్కా కట్టడమెక్కినవారు బ్రతికినారు. తీరం వెంట తుపాను రక్షణ భవనాలు లేచినది ఆ అనుభవంతోనే. కాని 1993 సెప్టెంబరు 30 తెల్లవారుజామున మరాఠ్వాడాలోని కిల్లారి ప్రాంతంలో భూమి కంపించినప్పుడు దీనికి విరుద్ధంగా జరిగినది. అక్కడి కలవారి ఇండ్లు మందపు రాతిగోడలవి. కొయ్యకప్పుపై అడుగుకు మించి మట్టి పేరుకొని ఉండేది. ఎండకాలం చల్లగా ఉండే ఆ కప్పే నిద్రలో ఉన్నవారిని పూడ్చివేసినది. దాదాపు 8 వేల మంది మరణించినారు. ఊరి అంచున గడ్డికప్పు క్రింద పడుకొన్న పేదలు చాలామంది క్షేమంగా బయటపడినారు. 2001 జనవరి 26న కచ్ భూకంపానికి రెండువందల కిలోమీటర్లకు పైగా దూరాన ఉన్న అహమ్మదాబాదులో కొత్త కాంక్రీటు భవనాలు కూలినవి. వాటిలో పెక్కింటికి క్రింది అంతస్తున గోడలు లేవు. కార్లు నిలుపుటకు స్తంభాలు మాత్రమే ఉన్నవి. తప్పు కాంక్రీటుది కాదు, దానిని నిలిపిన తీరుది.

ఇండ్లను నిలిపేవీ కూల్చేవీ వానలు, కంపాలు మాత్రమే కావు. బొంబాయిలో 1947 అద్దెల చట్టం అద్దెలను 1940 నాటి స్థాయిలో కట్టివేసినది. అద్దెదారుకు నీడ దొరికినది. యజమాని మరమ్మతు మానుకొన్నాడు. మరమ్మతు బాధ్యతకై 1969లో ప్రభుత్వమే ప్రత్యేక మండలిని ఏర్పరచవలసి వచ్చినది. మరొకవంక ఖాళీ ఇండ్లు పెరిగినవి: 2001లో 1.58 కోట్లు, 2011లో 2.46 కోట్లు. గూడు లేనివారి ప్రక్కనే తాళం పడిన ఇండ్లు ఇన్ని ఉండడం ఇటుకకు, సిమెంటుకు సంబంధించిన విషయం కాదు.

గోదావరి మండలాలలో మండువా లోగిళ్లు ఒక్కటొక్కటిగా తగ్గుతున్నవి. పంపకాలలో ముక్కలైన ఇంటిని ఎవరూ నేయించరు. నాలుగేండ్లు వాన దిగితే దూలం చివికిపోతుంది. తమిళదేశంలోని కారైకుడిలో ఇటువంటి పెద్ద ఇండ్ల నుండి ఊడదీసిన టేకు స్తంభాలు, చెక్కడపు గుమ్మాలు, ఇత్తడి గొళ్లేలు వీధి వీధంతా దుకాణాలలో అమ్మకానికి నిలబెట్టి ఉంటవి. కొన్నవారు వాటిని కొత్త కాంక్రీటు ఇండ్ల వాకిళ్లలో బిగించుకొంటున్నారు. వాటిపై మోయవలసిన కప్పు ఏదీ ఉండదు.