తలుపు లోపలినుండియే తెరువబడెను

బలమైన కోట శత్రువు వశమైనదని విన్నప్పుడు, గోడ ఎచ్చట కూలెనని మనము అడుగుదుము. 1933వ సంవత్సరమున జర్మనీ దేశములో ప్రజాప్రభుత్వము పడిపోయిన వృత్తాంతమును చదువువానికి ఆ ప్రశ్నకు జవాబు దొరకదు. గోడ కూలలేదు, తలుపు లోపలినుండియే తెరువబడెను. తాళపుచెవులు చేతనున్న వారు, వారిలో అనేకులు మర్యాదస్థులు, విద్యావంతులు, ఆలయమునకు పోవువారు, ఏదో ఒక మంచి కారణము చెప్పి ఒక్కొక్క గదిని అప్పగించిరి. ప్రియ చదువరులు ఈ సంగతిని నిదానముగా ఆలోచింపవలెనని కోరుచున్నాను.

మొదటి ప్రపంచయుద్ధము 1918 నవంబరులో ముగిసెను. చక్రవర్తి విల్హెల్ము హాలెండు దేశమునకు పారిపోయెను. ప్రజాప్రతినిధులు వైమార్ అను పట్టణమున కూడి నూతన రాజ్యాంగమును సిద్ధపరచగా, 1919 ఆగస్టు 11న అధ్యక్షుడైన ఎబర్టు దానిపై సంతకము చేసెను. ఈయన యౌవనమున గుఱ్ఱపు జీనులు చేయు వృత్తి నేర్చుకొనినవాడు. ఇరువది యేండ్లు నిండిన స్త్రీపురుషులందరికి ఓటు హక్కు కలిగెను. వాక్‌స్వాతంత్ర్యము, మతస్వాతంత్ర్యము, సంఘములుగా కూడుకొను హక్కు అందులో వ్రాయబడెను.

అయితే ఈ శిశువు ఓటమి దినములలో పుట్టెను. యుద్ధమును నడిపిన సేనాధిపతులు వెనుక నిలువగా, సంధిపత్రముపై సంతకము చేయు అవమానము ఎర్జ్‌బెర్గరు అను పౌరనాయకుని మీద పడెను. తరువాత, సైన్యము యుద్ధభూమిలో ఓడలేదనియు, ఇంటివారే వెన్నుపోటు పొడిచిరనియు ఒక అబద్ధము దేశమంతట వ్యాపించెను. 1921లో ఎర్జ్‌బెర్గరును, 1922లో విదేశాంగమంత్రి రాథెనౌను దుండగులు కాల్చి చంపిరి. 1923 నవంబరులో హిట్లరు మ్యూనిక్ నగరమున తిరుగుబాటు చేయగా న్యాయస్థానము అతనికి అయిదేండ్ల శిక్ష విధించెను. కాని 1924 డిసెంబరులోనే అతడు బయటికి వచ్చెను. రాజ్యాంగము క్రొత్తదే గాని, దానిని కాపాడవలసిన న్యాయాధిపతులలో అనేకుల మనస్సు పాతదే.

ఆ 1923 నవంబరులోనే జర్మను నాణెము విలువ నశించి, ఒక అమెరికా డాలరునకు 4,20,000 కోట్ల మార్కులు ఇయ్యవలసి వచ్చెను. జీవితమంతయు కూడబెట్టినవారి సొమ్ము రొట్టెముక్కకైనను చాలకపోయెను. అయినను దేశము తేరుకొనెను. 1928 ఎన్నికలలో నాజీ పక్షమునకు నూటికి 2.6 ఓట్లు, శాసనసభలో 12 స్థానములు మాత్రమే వచ్చెను. ఈ లెక్కను మరువకూడదు. ఓటమియు అవమానమును అప్పటికిని ఉండెను. అయినను ప్రజలు హిట్లరును కోరలేదు.

1929లో అమెరికాలో ఆర్థికమాంద్యము పుట్టెను. అప్పిచ్చినవారు తమ సొమ్ము వెనుకకు తీసికొనిరి. 1932 ఆరంభమునకు జర్మనీలో పనిలేనివారు సుమారు 60 లక్షలు. ఈలోగా 1930 మార్చిలో, నిరుద్యోగుల భీమాకు చెల్లింపవలసిన చందా విషయమై కలహించి, సంకీర్ణ ప్రభుత్వములోని పక్షములు విడిపోయెను. అంత చిన్న విషయమునకు అంత గొప్ప ఇల్లు చీలెను. అటుతరువాత శాసనసభలో అధికసంఖ్యాకుల బలముగల ప్రభుత్వము ఏర్పడలేదు.

అప్పుడు మంత్రులు రాజ్యాంగములోని 48వ అధికరణమును ఆశ్రయించిరి. అపాయకాలమున అధ్యక్షుడు ఆర్డినెన్సుల ద్వారా పరిపాలించుటకు అది అనుమతించెను. వైద్యుడు ప్రాణాపాయమున ఇచ్చు మందు వంటిది అది. దానిని దినభోజనముగా చేసికొనిరి. 1932లో శాసనసభ అయిదు చట్టములను మాత్రమే చేసెను. అధ్యక్షుని ఆర్డినెన్సులు వాటికి పదిరెట్లు మించెను. హిట్లరు రాకమునుపే సభ మూగదగుటకు ప్రజలు అలవాటుపడిరి.

1932 జూలైలో నాజీలకు నూటికి 37.3 ఓట్లు వచ్చెను. నవంబరులో అది 33.1కి దిగెను, సుమారు 20 లక్షల ఓట్లు తగ్గెను. స్వేచ్ఛగా జరిగిన ఏ ఎన్నికలోను జర్మను ప్రజలలో సగముమంది అతనికి ఓటు వేయలేదు. పక్షము సన్నగిల్లుచున్న ఆ సమయముననే పాపెన్ మొదలగు పెద్దలు, 85 సంవత్సరముల వృద్ధుడైన అధ్యక్షుడు హిండెన్‌బర్గును ఒప్పించి, 1933 జనవరి 30న హిట్లరును ప్రధానిగా చేయించిరి. మంత్రివర్గములో అతని పక్షమువారు మరి ఇద్దరే గనుక, అతడు తమ చెప్పుచేతలలో ఉండునని వారు తలంచిరి. అయితే ఆ ఇద్దరిలో ఫ్రిక్కు దేశమునకు హోంమంత్రి. గోరింగు ప్రష్యా రాష్ట్రపు పోలీసులకు అధికారి.

ఫిబ్రవరి 27 రాత్రి శాసనసభా భవనము కాలిపోయెను. మరునాడే, ప్రజల హక్కులను నిలిపివేయు ఆర్డినెన్సు వెలువడెను. విచారణ లేకయే వేలమంది చెరపట్టబడిరి. మార్చి 5న ఈ భయము నడుమ జరిగిన ఎన్నికలలో సైతము నాజీలకు నూటికి 43.9 ఓట్లే వచ్చెను.

మార్చి 21న పోట్స్‌డామ్ నగరమున నూతన శాసనసభ ప్రారంభోత్సవము జరిగెను. సెయింట్ నికొలస్ దేవాలయమున ప్రొటెస్టంటు సభ్యులకు డిబేలియస్ అను గొప్ప బోధకుడు ప్రసంగించెను. రోమా పత్రిక 8వ అధ్యాయము 31వ వచనము ఆయన మూలవాక్యము. క్రమమును స్థాపించునప్పుడు ప్రభుత్వము కఠినముగా ఉండవచ్చుననియు, క్రమము స్థిరపడిన పిమ్మట న్యాయమును ప్రేమయు మరల ఏలవలెననియు ఆయన బోధించెను. ఆయన చెడ్డవాడు కాడు. తరువాత నాజీలను ఎదిరించి శ్రమలనుభవించెను. అధికారులు ముందు వరుసలో కూర్చుండిన దినమున మాటలు ఎట్లు మెత్తబడునో ఈ సేవకుడును ఎరుగును. గనుక ఆయనను తీర్పుతీర్చుటకు నాకు ధైర్యము చాలదు. అయితే "న్యాయము కొంచెము ఆగవచ్చును" అను తలంపు ఎంత అపాయకరమో ఆ ప్రసంగము మనకు చూపుచున్నది. ఆగిన న్యాయము పండ్రెండేండ్లు తిరిగి రాలేదు.

రెండు దినములకు, మార్చి 23న, క్రోల్ అను నాటకశాలలో శాసనసభ కూడెను. సభ సమ్మతి లేకయే, రాజ్యాంగమునకు భిన్నముగా సైతము, మంత్రివర్గము చట్టములు చేయవచ్చునను బిల్లు తేబడెను. గడువు నాలుగేండ్లు. మూడింట రెండు వంతుల ఓట్లు కావలెను. లోపల నాజీ దళములు బారులుతీరి నిలిచెను. కమ్యూనిస్టు సభ్యులు రానేలేదు. చెరలోనో అజ్ఞాతమునందో ఉండిరి. ఇక తాళపుచెవి కథోలికుల సెంటర్ పార్టీ చేతిలో ఉండెను. దాని నాయకుడు కాస్, గురువుగా అభిషేకము పొందినవాడు. సంఘపు హక్కులకు భంగము రాదని హిట్లరు మాట ఇచ్చెను. వ్రాతమూలకముగా హామీపత్రము వచ్చునని చెప్పబడెను. కాస్ తనవారిని ఒప్పించెను. పత్రము రాలేదు, ఓటు మాత్రము పడిపోయెను.

సాంఘిక ప్రజాస్వామ్య పక్షపు నాయకుడు ఓట్టో వెల్స్ ఒక్కడే లేచి వ్యతిరేకముగా మాటలాడెను. తమ స్వాతంత్ర్యమును ప్రాణమును తీసికొనవచ్చును గాని తమ గౌరవమును తీసికొనజాలరని చెప్పెను. అతని పక్షమునకు 120 స్థానములుండగా, ఆ దినమున రాగలిగిన 94 మంది కాదని ఓటు వేసిరి. మిగిలిన పక్షములన్నియు ఔననెను. ఆ వేసవిలోనే, ఔననిన పక్షములును రద్దయ్యెను. జూలై 14న నాజీ పక్షము తప్ప వేరొకటి ఉండరాదని చట్టము వచ్చెను. నాలుగేండ్ల గడువు 1937లోను, తరువాతను పొడిగింపబడెను.

సంఘమును ఇదే దారిని నడిచెను. 1933 జూలైలో జరిగిన ప్రొటెస్టంటు సంఘ ఎన్నికలలో, నాజీల నెయ్యమును కోరిన "జర్మను క్రైస్తవులు" మూడింట రెండు వంతులు గెలిచిరి. యూదవంశమున పుట్టిన బోధకులను తొలగింపవలెననిరి. అప్పుడు మార్టిన్ నీమొల్లరు అను పాదిరి ఎదురు నిలిచెను. ఈయనయు మొదట నాజీలకు ఓటు వేసినవాడే. 1934 మే నెలలో బార్మెన్ పట్టణమున కూడినవారు, సంఘమునకు క్రీస్తు తప్ప వేరు నాయకుడు లేడని ప్రకటించిరి. 1937లో చెరపట్టబడిన నీమొల్లరు 1945 వరకు బయటి వెలుగు చూడలేదు. ఆ యేట అక్టోబరులో స్టుట్‌గార్ట్ నగరమున ఆయనయు డిబేలియసును మరికొందరితో కలిసి తమ సంఘపు దోషమును ఒప్పుకొని సంతకము చేసిరి. మరింత ధైర్యముగా సాక్ష్యమియ్యలేదనియు, మరింత మండుచున్న ప్రేమ చూపలేదనియు తమ్మును తామే నిందించుకొనిరి. సంహరింపబడిన అరువది లక్షల యూదుల పేరైనను ఆ పత్రములో లేదు. పశ్చాత్తాపమునకును నేర్చుకొనవలసినది మిగిలియుండెను.

1949 మే 23న పశ్చిమ జర్మనీలో వెలువడిన మూలశాసనము ఈ పాఠములను జ్ఞాపకముంచుకొనెను. తరువాతివానిని ఎన్నుకొననిదే శాసనసభ ప్రధానిని తొలగింపరాదు. మానవుని గౌరవమును కాపాడు అధికరణమును ఏ మెజారిటీయు మార్చరాదు. ఇవి మంచి తాళములే. అయితే వైమార్ తలుపునకును తాళము ఉండెను.

గనుక సోదరులారా, "ఇప్పటికి ఇది ఒప్పుకొందము, తరువాత చూచుకొందము" అని మన నోటికి వచ్చినప్పుడు ఆ నాటకశాలను తలంచుకొందము. మన హక్కు భద్రమని ఎవరైన మాట ఇచ్చినప్పుడు, మన పొరుగువాని హక్కు ఏమాయెనని అడుగుదము. ఆ ప్రశ్నను కాస్ ఆ మధ్యాహ్నము అడిగియుండవలసినది.