ములాఖత్: గేటు బయట నిలబడినవాళ్ళ చరిత్ర

ఉర్దూలో ములాఖాత్ అంటే కలుసుకోవడం, అంతే. పెళ్ళిలో కలిసినా ములాఖాతే, బజార్లో ఎదురుపడినా ములాఖాతే. నాచారంలో మేం అద్దెకున్న ఇంటి పక్కన ఒక ఖాలా ఉండేది. ఆదివారం చుట్టాలింటికి వెళ్ళొచ్చి, ఫలానావాళ్ళతో ములాఖాత్ అయిందని సంబరంగా చెప్పేది. ఆ మాట వినగానే మా మేనత్త గిన్నెలు తోముతున్న చెయ్యి ఆపేసేది. వకీలు, ఖైదీ, జమానతు, ఫిర్యాదు వచ్చిన దారినే ఈ మాట కూడా మనకి కచేరీల్లోంచి వచ్చింది. వచ్చేసరికి దానికి దాదాపు ఒకటే అర్థం మిగిలింది: జైల్లో ఉన్న మనిషిని చూడబోవడం.

నేను పదో తరగతిలో ఉన్నప్పుడు మా మామకి ఏడాది శిక్ష పడింది. నాచారం ఇండస్ట్రియల్ ఎస్టేట్ నుంచి సరుకు తీసుకెళ్ళే లారీకి డ్రైవరు. ఒక రాత్రి యాక్సిడెంటయింది, ఒక మనిషి చనిపోయాడు. తప్పు మామదే. ఆ మాట ఆయనే ఒప్పుకున్నాడు కాబట్టి దాని మీద నాకు వేరే వాదనేం లేదు. ఏ జైలన్నది ఇక్కడ అనవసరం. పదిహేను రోజులకోసారి చూడొచ్చన్నారు. అత్తకి చదువు రాదు. చీటీ నింపడానికి నన్ను వెంటబెట్టుకుపోయేది. సంచిలో సబ్బులు, బనీన్లు, బిస్కెట్ పాకెట్లు. పొద్దున పోతే మన పేరు పిలిచేసరికి మధ్యాహ్నం అయ్యేది. లోపల రెండు వరసల జాలీ, మధ్యలో సందు. అటు ఇరవై మంది, ఇటు నలభై మంది, అందరూ ఒకేసారి అరుస్తుంటారు. పావుగంట.

ఆ పావుగంటలో అత్త మాట్లాడింది తక్కువ. చూసేది. "ఓసారి ఎన్కకు తిరుగు" అనేది. "నాలుగడుగులు నడువు" అనేది. మామ చిరాకు పడేవాడు, "గిదేం పరీక్షనే నాకు" అని. నాకూ సిగ్గుగా ఉండేది, పక్కవాళ్ళు చూస్తారని. ఒకసారి మామ కుడిచేత్తో మాత్రమే జాలీ పట్టుకుని మాట్లాడుతున్నాడు. ఎడమ చెయ్యి ఎత్తమంది అత్త. ఏంలేదన్నాడు. ఎత్తమని మళ్ళీ అంది. ఎత్తలేకపోయాడు. స్నానాల దగ్గర జారిపడి నాలుగు రోజులైందట, భుజం వాచి ఉంది, ఎవరికీ చెప్పలేదట. అత్త బయటికొచ్చి గేటు దగ్గరున్న అధికారికి చెప్పింది. ఆయన రాసుకుని, ఆ రోజే డాక్టరుకి చూపించాడు. ఎముక చిట్లిందని తేలింది.

అప్పుడది మా అత్త చాదస్తమనుకున్నాను. ఉద్యోగంలో చేరాక, ఉప్పల్లో ఆఫీసు నుంచి ఇంటికొచ్చాక రాత్రిళ్ళు చరిత్ర పుస్తకాలు, తీర్పులు చదివే అలవాటయ్యాక, ములాఖత్‌కి ఉన్న అసలు పని అదేనేమో అనిపించింది. బయటి మనిషి వచ్చి లోపలి మనిషిని కళ్ళారా చూసి, ఇలా ఉన్నాడని బయటికొచ్చి చెప్పడం. దాన్ని మనం ఓదార్పు లెక్కలో వేశాం. సాక్ష్యం లెక్కలో వేయలేదు.

గోల్కొండకి వెళ్ళినవాళ్ళందరికీ గైడు రామదాసు చెర చూపిస్తాడు. చీకటి గది, పైన కంత, గోడ మీద ఆయన చెక్కాడని చెప్పే రాముడి బొమ్మలు. పదిహేడో శతాబ్దం, తానీషా కాలం. పన్నెండేళ్ళున్నాడని సంప్రదాయం. ఆ కీర్తనలు చిన్నప్పట్నుంచీ వింటున్నా, వాటిలో ఒక సంగతి ఆలస్యంగా గమనించాను. అక్కడ మొర నేరుగా రాముడి దగ్గరకే కాదు, సీతమ్మ దగ్గరకీ వెళుతుంది, ఆయనకొక మాట చెప్పమని. ఖైదీ గొంతు పైవాడి చెవిన పడాలంటే మధ్యలో ఇంటి మనిషి ఒకరుండాలని మనవాళ్ళకి అప్పుడే తెలుసు.

తర్వాత రెండు వందల ఏళ్ళకి ఈ మధ్య మనిషి గురించి రాతపూర్వకంగా చట్టం వచ్చింది. 1894 జైళ్ళ చట్టం. బ్రిటిష్ ఇండియా కోసం రాసింది. మన రెండు రాష్ట్రాల జైళ్ళూ ఎన్నో ఏళ్ళు దాని అచ్చులోనే నడిచాయి. అందులో 40వ సెక్షన్ సందర్శకుల గురించి. సివిల్ ఖైదీలని, ఇంకా శిక్ష పడని ఖైదీలని చూడ్డానికి తగిన వేళల్లో, తగిన ఆంక్షలతో మనుషుల్ని రానివ్వాలంటుంది. శిక్ష పడ్డవాళ్ళ ఊసు ఆ సెక్షన్లో లేదు. వాళ్ళ సంగతి ప్రభుత్వాలు రాసుకునే నియమాలకి వదిలేశారు. మా మామ లాంటివాళ్ళు ఆ ఖాళీలో ఉంటారు. 41వ సెక్షన్ వచ్చినవాళ్ళ పేరు, చిరునామా అడగొచ్చంటుంది, అనుమానముంటే సోదా చెయ్యొచ్చంటుంది. 42వ సెక్షన్ ఇంకా ముందుకెళుతుంది: నియమాలకి విరుద్ధంగా వస్తువు లోపలికి చేరవేసినా, ఖైదీతో సంభాషించినా ఆరు నెలల దాకా జైలు, లేదా 200 రూపాయల దాకా జరిమానా, లేదా రెండూ. 1894లో 200 రూపాయలంటే మామూలు కుటుంబానికి ఎంత సొమ్మో ఊహించుకోవచ్చు. మూడు సెక్షన్లూ కలిపి చదివితే, చూడబోయినవాణ్ణి చట్టం మొదట అనుమానితుడిగా చూసిందని, తర్వాతే చుట్టంగా చూసిందని తెలుస్తుంది.

ఈ చూపు మారడానికి ఎనభై ఏళ్ళు పైనే పట్టింది. 1979లో సునీల్ బాత్రా అనే ఖైదీ తిహార్ జైలు నుంచి సుప్రీంకోర్టు జడ్జికి ఉత్తరం రాశాడు. తన గురించి కాదు, తోటి ఖైదీని ఒక వార్డరు హింసించడం గురించి. ఆ ఉత్తరాన్నే కోర్టు పిటిషనుగా తీసుకుంది. ఆ డిసెంబరులో వచ్చిన తీర్పులో జస్టిస్ కృష్ణయ్యర్ కుటుంబసభ్యులు, స్నేహితులు వచ్చి చూడ్డం ఖైదీకి ఎంత అవసరమో ప్రత్యేకంగా రాశారు. నాకు ముఖ్యమనిపించింది వేరే. గోడ దాటి బయటికొచ్చిన ఆ ఒక్క కాగితమే లేకపోతే ఆ కేసే లేదు.

రెండో కేసు 1981 జనవరిది. ఫ్రాన్సిస్ కోరలీ ములిన్ అనే బ్రిటిష్ మహిళని కాఫిపోసా చట్టం కింద తిహార్లో నిర్బంధించారు. ఆమె చిన్నపాపని, సోదరిని నెలకి ఒక్కసారే చూడనిచ్చేవారు. వకీలుని కలవాలంటే పక్కన కస్టమ్స్ అధికారి ఉండాలి. విచారణ ఖైదీలకి వారానికి రెండుసార్లు దొరుకుతున్నప్పుడు, ఏ నేరమూ రుజువు కాని నిర్బంధితురాలికి నెలకొకటేమిటని కోర్టు అడిగింది. జీవించే హక్కంటే ఊపిరి పీల్చడం మాత్రమే కాదని, తోటి మనుషులతో కలవడం కూడా అందులో భాగమని జస్టిస్ భగవతి రాశారు. నెలకొకటన్న నియమం కొట్టుకుపోయింది. 2015లో ఐక్యరాజ్యసమితి ఆమోదించిన నెల్సన్ మండేలా నియమాలు కూడా దాదాపు ఇదే చెబుతాయి: ఖైదీ కుటుంబంతో క్రమం తప్పకుండా ఉత్తరాలు నడపాలి, కలవాలి.

మన తెలుగువాళ్ళకి జైలు సాహిత్యం కొత్త కాదు. ఉన్నవ లక్ష్మీనారాయణ 'మాలపల్లి' రాసింది రాయవెల్లూరు జైల్లో. దాశరథి నిజామాబాద్ జైలు గోడ మీద బొగ్గుతో పద్యాలు రాశాడు, పక్కన వట్టికోట ఆళ్వారుస్వామి ఉన్నాడు. వట్టికోట తర్వాత 'జైలు లోపల' అని కథలే రాశాడు. వరవరరావు 'సహచరులు' జైలు నుంచి రాసినవే. ఇవన్నీ లోపలివాళ్ళు రాసినవి. పొద్దున్నే లేచి, అన్నం మూటగట్టుకుని, బస్సులు మారి, ఆ గేటు ముందు చెట్టు కింద కూర్చున్నవాళ్ళకి పుస్తకం లేదు. వాళ్ళు చూసిందేమిటో రాసిపెట్టుకోలేదు. ఎక్కువమందికి మా అత్తలాగే రాయడం రాదు.

వాళ్ళ చరిత్ర వెతకాలంటే స్థలాల్లో వెతకాలి. నాచారం నుంచి మల్లాపూర్, మౌలాలి మీదుగా ఈసీఐఎల్ దాటితే చర్లపల్లి సెంట్రల్ జైలు వస్తుంది. తూర్పు హైదరాబాదు వాళ్ళకి జైలంటే ఇప్పుడదే. అంతకుముందు ముషీరాబాద్ జైలు. ఎమర్జెన్సీ రోజుల్లో, 1975 డిసెంబర్ 1న, భూమయ్యని, కిష్టాగౌడ్‌ని ఉరితీసింది అక్కడే. ఆ జైలు ఇప్పుడు లేదు. ఆ స్థలంలోనే ఇవాళ్టి గాంధీ ఆస్పత్రి ఉంది. 2020లో ఆ ఆస్పత్రిని పూర్తిగా కోవిడ్ రోగులకి కేటాయించారు. లోపలున్న మనిషిని చూసే వీల్లేక, ఫోను పట్టుకుని గేటు బయట నిలబడ్డ కుటుంబాలని అప్పుడు ఊరంతా చూసింది. ఒకప్పుడు ఖైదీల చుట్టాలు నిలబడ్డ నేల మీదే, ఏ నేరంతోనూ సంబంధం లేనివాళ్ళు అదే ప్రశ్నతో నిలబడ్డారు: లోపల ఎట్లున్నడు?

ఆ ఏడాది మార్చిలోనే జైళ్ళలో ములాఖత్‌లు ఆపేశారు. జులైలో హైదరాబాదులో ఉన్న వరవరరావు కుటుంబానికి నవీ ముంబైలోని తలోజా జైలు నుంచి ఫోను వచ్చింది. ఎనభయ్యో పడిలో పడబోతున్న మనిషి, పొంతన లేకుండా మాట్లాడాడు, ఎప్పుడో జరిగిపోయిన తండ్రి అంత్యక్రియల గురించి. 12వ తేదీన కుటుంబం విలేకరుల ముందుకొచ్చి ఆ సంగతి చెప్పింది. ఆయన్ని ఆస్పత్రికి మార్చారు, కోవిడ్ ఉందని తేలింది. ఆయన రాజకీయాలతో, ఆ కేసుతో మీరు ఏకీభవించినా లేకున్నా, ఇక్కడ పనిచేసింది ఒక్క ఫోను కాల్. మాటల్లో తేడాని పోల్చుకోగలిగింది ఆ మాటలు యాభై ఏళ్ళు విన్నవాళ్ళే.

ఇది చిన్నవాళ్ళకే అవసరమనుకోనక్కర్లేదు. 2023 సెప్టెంబరులో చంద్రబాబునాయుడు రాజమండ్రి సెంట్రల్ జైల్లో ఉన్నారు. 14వ తేదీన పవన్ కళ్యాణ్ ములాఖత్‌కి వెళ్ళొచ్చి, జైలు బయటే పొత్తు ప్రకటించారు. రాష్ట్ర రాజకీయం మలుపు తిరిగిన ములాఖత్‌గా అది అందరికీ గుర్తుంది. నాకు గుర్తున్నది ఆ తర్వాతి నెలలో నడిచిన ఇంకో వాదన. ఆయన బరువు తగ్గారని కుటుంబం, బాగానే ఉన్నారని అధికారులు. అప్పటికే మూడుసార్లు ముఖ్యమంత్రిగా ప్రమాణం చేసిన మనిషి విషయంలోనే లోపలి సంగతి ఇంటివాళ్ళు చూసొచ్చి చెప్పాల్సి వచ్చిందంటే, లారీ డ్రైవరు సంగతి చెప్పేదేముంది. 2022 లెక్కల ప్రకారం దేశంలో జైళ్ళలో ఉన్న ప్రతి నలుగురిలో సుమారు ముగ్గురు ఇంకా శిక్ష పడని విచారణ ఖైదీలు. వాళ్ళలో ఎంతమంది ఇంటివాళ్ళకి ఒక రోజు కూలి వదులుకుని, బస్సు చార్జీ పెట్టుకుని రాగల స్తోమతుందో ఎవరికి వారు లెక్క వేసుకోవచ్చు.

ఇప్పుడు ఈ-ములాఖత్ ఉంది. కోవిడ్ కాలంలో బాగా వాడకంలోకొచ్చింది. పేరు, చిరునామా, గుర్తింపు కార్డు వివరాలు ఇచ్చి, ఫోనుకొచ్చిన ఓటీపీ కొడితే సమయం కేటాయిస్తారు, వీడియోలో చూడొచ్చు. వృత్తిరీత్యా నాకు ఇలాంటివి నచ్చుతాయి. బస్సులు, ఎండ, రోజు కూలి, అన్నీ మిగులుతాయి. నచ్చని సంగతీ ఒకటుంది. తెర మీద మొహం, భుజాలు కనిపిస్తాయి. కెమెరా ఎంత చూపిస్తే అంతే.

మొన్న మా వీధిలో ఒకావిడ వచ్చింది, కొడుకు రిమాండులో ఉన్నాడు, ఫోన్లో ఆ ఫారం నింపిపెట్టమని. నింపాను. చుట్టరికం అన్న చోట 'తల్లి' అని కొట్టాను. రెండు రోజుల తర్వాత వీడియో కాల్ మా ఇంట్లోనే మాట్లాడింది, మా వైఫై బాగుంటుందని. పిల్లాడు నవ్వుతూ అంతా బాగుందన్నాడు. ఆవిడ ఏడుస్తూ, నవ్వుతూ, తిన్నావా అని మూడుసార్లు అడిగింది. టైమైపోవస్తోంది. మా అత్తకిప్పుడు డెబ్భై దాటాయి, మామ పోయి ఆరేళ్ళు. మంచమ్మీంచి లేచి వచ్చి, నా భుజం మీదుగా ఆ తెరలోకి చూసింది.

"మాటలెందుకమ్మా, ఓసారి లేచి నిలవడమను. రెండు చేతులు పైకి లేపమను."

ఆ తల్లి కొడుకుని లేవమంది. వాడు లేచాడు.