లాంతరు నుంచి బ్యాటరీ దాకా: బోటు దీపం కథ

మా సంఘంలో అందరివీ వేట కుటుంబాలే. అందుకే బోటు దీపం గురించి నాలుగు మాటలు రాస్తున్నాను.

మా మామగారి రోజుల్లో కర్ర తెప్పలు, తెరచాపలు. రాత్రి వేటకు కిరసనాయిలు లాంతరే దిక్కు. గట్టిగా గాలి కొడితే అదీ ఆరిపోయేది. తర్వాత ఇంజన్లు, ఫైబర్ బోట్లు వచ్చాయి. 2004 డిసెంబర్ 26 సునామీ తర్వాత ఫైబర్ బోట్లు ఇంకా పెరిగాయి. లైటుకీ జీపీఎస్‌కీ బ్యాటరీ తప్పనిసరి అయింది. మళ్లీ మళ్లీ ఛార్జి చేసుకునే సీసం బ్యాటరీని 1859లో ఫ్రాన్స్ దేశంలో గాస్టన్ ప్లాంటే తయారుచేశారు. ఈనాటికీ మన బోట్లలో ఎక్కువగా ఉండేది ఆ రకమే.

మూడేళ్ల కిందట మా సభ్యురాలు ఒకామె బ్యాటరీకి 9,000 అప్పు అడిగింది. "4,000 చాల్లే" అన్నది నేనే. పాపం, లారీలోంచి తీసిన పాత బ్యాటరీ 3,500కి కొన్నది. ఎనిమిది నెలలకే పోయింది. మళ్లీ అలాంటిదే ఇంకోటి కొన్నది. అది నడిసముద్రంలో రాత్రిపూట ఆగిపోయింది. దీపం లేదు, జీపీఎస్ లేదు. ఎదురుగా పెద్ద మరబోటు వస్తోంది. వాళ్లాయన టార్చిలైటు ఊపబట్టి బతికారు. ఆ మాట విన్నాక నాకు నిద్ర పట్టలేదు.

తర్వాత ఇద్దరం కలిసి మెకానిక్ దగ్గర కూర్చుని లెక్క వేయించాం. లారీ బ్యాటరీ ఇంజను స్టార్టు చేయడానికి ఒక్కసారిగా బలం ఇచ్చేది. రాత్రంతా మెల్లగా వాడుకోవడానికి ట్యూబులర్ బ్యాటరీ కావాలి. రెండు లైట్లు, జీపీఎస్ కలిపి 30 వాట్లు. 12 గంటలకు 360. దాన్ని 12 వోల్టులతో భాగిస్తే 30 ఏ.హెచ్. బ్యాటరీని సగానికి మించి ఖాళీ చేయకూడదు కాబట్టి 60 ఉండాలి. పాతబడితే బలం తగ్గుతుందని 80ది తీసుకున్నాం. కొట్లో 150ది చూపించారు గానీ మాకు అంత అక్కర్లేదు. ధర 9,000. పాతది ఇస్తే 1,200 తగ్గించారు. రెండు పాత బ్యాటరీలకు పోసింది 7,000, కొత్తదానికి అయింది 7,800!

కొనేటప్పుడు తయారీ తేదీ చూడండి, గ్యారంటీ కార్డు అడిగి తీసుకోండి. బోటులో మూత ఉన్న పెట్టెలో నిలువుగా కట్టండి, గాలి ఆడాలి. ఉప్పునీళ్లు లోపలికి పోతే విషవాయువు వస్తుంది. డిస్టిల్డ్ వాటరే పోయండి. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా వేట నిషేధం కదా, ఆ 61 రోజులూ ఊరికే వదిలేయకుండా మధ్యలో ఛార్జి పెట్టించండి.

ఇప్పుడు మా సంఘంలో బ్యాటరీ అప్పు అడిగితే ముందు వాట్ల లెక్క రాయిస్తాం. ఎంత అవసరమైతే అంతా ఇస్తాం. సగం అప్పు ఇచ్చి పొదుపు చేశామనుకోవడం నా తప్పు. ఆ తప్పు మీరు చేయకండి.