గోల్ఫ్ కార్టు కంట్రోలరు మార్పిడి

గోల్ఫ్ కార్టు కంట్రోలరు విద్యుత్ గోల్ఫ్ బండి వేగాన్ని నియంత్రించే పరికరం. పాత బండ్లలో ఈ పనిని నిరోధకపు చుట్టలు చేసేవి. వాటిలో విద్యుత్తు వేడిగా వృథా అయ్యేది. ఎలక్ట్రానిక్ కంట్రోలరు అమర్చిన తరువాత బండి కదలకపోతే ముందుగా వైరింగును పరీక్షించాలి.

పరీక్షలు

* సొలినాయిడ్: దీని పెద్ద టెర్మినళ్ళ మధ్య కలిపే చిన్న నిరోధకం కంట్రోలరులోని కెపాసిటర్లను ముందే ఆవేశపరుస్తుంది. అందువలన సొలినాయిడ్ పనిచేయకున్నా కంట్రోలరు వద్ద దాదాపు పూర్తి వోల్టేజి కనిపిస్తుంది. పెడలు నొక్కినపుడు అది పడిపోతే కాంటాక్టులు కలవడం లేదని గ్రహించాలి.
* పెడలు: నొక్కే కొద్దీ నిరోధం 0 నుండి 5 కిలో ఓములకు పెరిగే రకం, 5 నుండి 0కు తగ్గే రకం ఉన్నాయి. రకం తారుమారైతే, వదిలిన పెడలును నొక్కినట్లు గుర్తించి కొన్ని కంట్రోలర్లు బండిని కదలనివ్వవు.

జాగ్రత్తలు

పరీక్షించేటపుడు వెనుక చక్రాలను నేలకు తాకకుండా ఎత్తి నిలపాలి. బ్యాటరీ తీగ విప్పినా కెపాసిటర్లలో ఆవేశం నిలిచి ఉంటుంది. నిరోధకం ద్వారా దానిని ఖాళీ చేసిన తరువాతే కంట్రోలరు తీగలను ముట్టాలి.