లాంబ్టను దొర కొయ్యసుత్తులు

మేడ్చల్ మీదుగా నాగపురమునకు పోవు బాటనే చాలదూరము పోయిన హింగన్‌ఘాట్ వచ్చును. భారతదేశపు మహాకొలతకు ఆద్యుడైన విలియం లాంబ్టను 1823లో అచ్చట కన్నుమూసెను. ఆతని థియోడొలైటు లండనులో కేరీ చేసినది; బరువు అర టన్ను; వలయము మూడడుగుల వెడల్పు. దుర్భిణి యెంత మంచిదైనను దానిని మోయు పీఠము వంకరయైనచో గురి తప్పును. తుపాకికి బిగించు దుర్భిణికిని ఇదియే ధర్మము.

1808లో తంజావూరి ఆలయగోపురముపైకి లాగుచుండగా త్రాడు తెగి, యంత్రము గోడకు కొట్టుకొని, వలయము వంగిపోయెను. లాంబ్టను డేరాలో కూర్చుండి, ముఖ్యపనివాండ్రను దక్క నెవ్వరిని లోనికి రానీయక, చదునైన పెద్ద పలకపై సరియైన కొలతతో వృత్తము చెక్కి, చీలలు, మరలు, కప్పీలతో వలయమును కొంచెము కొంచెముగా లాగి దానికి సరిపుచ్చెను. వంగిన ఆకులను చిన్న కొయ్యసుత్తులతో కొట్టి తిన్నన చేసిరి. ఆరు వారములు పట్టెను. కొలత 1815 నాటికి బీదరు చెంత దామరగిద్దకు చేరెను.

డిగ్రీలో 3600వ పాలును లెక్కించు శాస్త్రము ఒకనాడు కొయ్యసుత్తి దెబ్బపై నిలిచినదని మా పాఠశాలలలో చెప్పము. త్రికోణమితి వల్లెవేయింతుము, బాడిసె పట్టినవానిని మాత్రము అరుగు క్రిందనే నిలుపుదుము. లాంబ్టను తరువాత వచ్చిన ఎవరెస్టు అట్లు చేయలేదు. ఆర్కాటువాడైన సయ్యద్ మొహసిన్ చేతిపనిని కన్నులార చూచి, అతనినే యంత్రనిర్మాతగా నియమింపవలెనని సర్కారుతో పట్టుపట్టి నెగ్గెను.