సిపాయి సంఘానికి ఆస్తి ఎవరి పేరున?

పట్టా మనిషి పేరున వస్తుంది. మనిషి పోతే తగాదా మొదలవుతుంది. సంఘం పేరున ఉన్న ఆస్తి మనిషి పోయినా నిలుస్తుంది. మాజీ సైనికుల చరిత్ర రాసేవాళ్లు శౌర్యం గురించి, పతకాల గురించి రాస్తారే గానీ ఈ తేడా జోలికి పోరు. గోదావరి డెల్టాలో దళిత సిపాయి కుటుంబాల సంగతి తెలియాలంటే ఇక్కణ్ణించే మొదలుపెట్టాలి.

1860 నాటి సొసైటీల రిజిస్ట్రేషన్ చట్టం 20వ సెక్షను ఏయే సంఘాలు నమోదు చేసుకోవచ్చో చెబుతుంది. ధర్మసంస్థల పక్కనే 'సైనిక అనాథ నిధుల'ను పేరుపెట్టి చేర్చింది. ఆ నిధులు ప్రధానంగా తెల్ల సైనికుల పిల్లల కోసం పుట్టినవి. అంటే సైనికుడి వెనక ఉన్న కుటుంబానికి సంఘం కావాలని, ఆ సంఘానికి ఆస్తి కావాలని పాలకులు తమవాళ్ల విషయంలో ఏనాడో గుర్తించారు. ఏడుగురు కలిస్తే చాలు. ట్రస్టీలు లేకపోతే ఆస్తి పాలకవర్గానికి చెందుతుంది. సంఘం రద్దయినా మిగిలిన ఆస్తిని సభ్యులు పంచుకోకూడదు. అయితే ఈ చట్టం కింద నమోదైన సొసైటీ పూర్తి కార్పొరేషన్ కాదని టిబ్బియా కాలేజీ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. ఆంధ్రప్రదేశ్‌లో 2001 చట్టం వచ్చాక సొసైటీకి తన పేరుననే ఆస్తి కొనే, ఉంచుకునే, అమ్మే అధికారం దక్కింది.

ఈ దారిని ముందే పట్టుకున్న దళితులున్నారు. 'యుద్ధజాతుల' సిద్ధాంతం పేరుతో 1890లలో మహర్లకు సైన్యం తలుపులు మూసేసినప్పుడు, పింఛను పుచ్చుకుంటున్న సిపాయి గోపాల్ బాబా వలంగ్కర్ 1894లో అర్జీ రాశారు. సుబేదారు కొడుకైన అంబేద్కర్ అర్జీల దగ్గరే ఆగలేదు. 1924లో బహిష్కృత హితకారిణీ సభ, 1945లో పీపుల్స్ ఎడ్యుకేషన్ సొసైటీ పెట్టారు. 1946లో సిద్ధార్థ కాలేజీ ఆ సొసైటీ కిందే మొదలైంది. అర్జీ దొరవారి దయ మీద ఆధారపడుతుంది. సంఘం తన కాళ్ల మీద తను నిలబడుతుంది.

రెండో ప్రపంచ యుద్ధంలో ఏం జరిగింది? సిపాయిల పునరావాసానికి ప్రభుత్వం ఒక నిధి పెట్టింది. పోరాడే సైనికుడికి నెలకు 2 రూపాయలు, పోరాడని పనివాడికి 1 రూపాయి చొప్పున జమకట్టింది. పాకీపని, చెప్పులు కుట్టే పని లాంటివాటికి కులం చూసే మనుషుల్ని తీసుకున్న సైన్యంలో ఆ ఒక్క రూపాయి ఎవరి వాటాకు వచ్చిందో విడమర్చి చెప్పనక్కర్లేదు. ఆ నిధి యాజమాన్యం కూడా సిపాయిల సంఘాలది కాదు, సర్కారుది. సేవ మనది, సంతకం ఇంకొకరిది.

భూమి విషయం చూద్దాం. మాజీ సైనికుడిగా పొందిన అసైన్డ్ భూమిని పదేళ్ల తర్వాత అమ్ముకోవచ్చని 1963లో 743వ నంబరు జీవో చెప్పింది. 1993లో 1117వ నంబరు జీవో అదే చెప్పింది. భూమిలేని పేదగా పొందిన భూమి అమ్మకాన్ని మాత్రం 1977 చట్టం నిషేధించింది. అసలు లబ్ధిదారులకు 20 ఏళ్ల తర్వాత హక్కు ఇస్తూ సవరణ వచ్చింది 2023లో. వాడలోని మాజీ సిపాయి ఈ రెండు కోవల్లోకీ వస్తాడు. డి-ఫారం పట్టాలో ఏ మాట రాశారన్న దాన్నిబట్టి అతని పిల్లల హక్కు మారిపోతుంది. అమ్ముకునే హక్కు ఉన్నా ముప్పు తప్పదు. ఒంటరిగా ఉన్న పట్టాదారుకి పెళ్లి ఖర్చో ఆసుపత్రి ఖర్చో వస్తే ఎకరం చేతులు మారడానికి ఎంతసేపు?

తాడేపల్లిగూడెం దగ్గరి మాధవారాన్ని 'మిలిటరీ మాధవారం' అంటారు. రెండు ప్రపంచ యుద్ధాలకూ మనుషుల్ని పంపిన ఊరు అది. అలాంటి పేరు ఒక ఊరికి బలం. ఆ పేరు లేని ఊళ్లలో, ఊరికి అవతల వాడల్లో ఉన్న సిపాయి కుటుంబాలకు ఏం బలం ఉంది? జిల్లా సైనిక బోర్డు సర్కారు కచేరీ, సభ్యుల ఆస్తి కాదు. 1966లో ఏర్పడ్డ సైనికుల భార్యల సంక్షేమ సంఘానికి అధ్యక్షురాలు సైన్యాధిపతి భార్య. భర్త హోదాయే భార్య హోదా అయినచోట సిపాయి వితంతువు మాట ఎంతదూరం పోతుంది?

అందుకే వాడల్లోని మాజీ సైనికులు, వితంతువులు సొంత సంఘాలు రిజిస్టరు చేసుకోవాలి. వితంతువు అనుబంధ సభ్యురాలు కాదు, ఓటున్న సభ్యురాలని నియమావళిలోనే రాయాలి. స్థలమైనా భవనమైనా అధ్యక్షుడి పేరున కాకుండా సంఘం పేరునే రిజిస్టరు కావాలి. ఆస్తి అమ్మాలంటే సర్వసభ్య సమావేశం ఒప్పుకోవాలి. పాలకవర్గం జాబితా ఏటా రిజిస్ట్రారుకి పంపాలి. పంపకపోతే ఎవరు అసలు పాలకవర్గమన్న తగాదా కోర్టుకెక్కుతుంది, ఆస్తి తాళం పడి ఉంటుంది.

కాగితం విప్లవం కాదు, నిజమే. కానీ మన పెద్దలు యుద్ధానికి పోయింది కూడా ఒక కాగితం మీద వేలిముద్ర వేసే. ఈసారి కాగితం మనం రాద్దాం.